శనివారం పిల్లల బాబాయి

మా ఇంటి మెట్ల మీద కూర్చుంటే ఫైరు స్టేషను ఆవరణంతా కనిపిస్తుంది. వాళ్ళ ప్రహరీ పొట్టిది, మా మెట్లు ఎత్తు. ఎర్ర బండ్లు నిలబెట్టే షెడ్డు, తడి పైపులు ఆరేసే పొడుగాటి ఇనప స్తంభం, వెనక నీళ్ళ తొట్టి, దాని పక్కన సిబ్బంది గది. అక్కడ ఎవరికి జలుబు చేసినా నాకు తెలుస్తుంది. అలా తెలిసిన వాళ్ళలో ఒకాయన గురించి రాస్తున్నాను. వీధి మొత్తానికి ఆయన బాబాయి. నాకు మాత్రం తమ్ముడు, ఎందుకంటే ఆయన భార్య కాపురానికి వచ్చిన రోజే నన్ను వదినా అని పిలిచింది, ఆ వరస అలా ఉండిపోయింది.

బాబాయి వయసంతా బండి మీదే గడిచింది. మంట దగ్గర పైపు మూతి పట్టుకునే మనిషి ఒకడుంటాడు. నీళ్ళు వదలగానే ఆ పైపు మెలికలు తిరిగి మనిషిని విసిరికొట్టాలని చూస్తుంది. దాన్ని చంకలో బిగించి ముందుకు పోవాలి. ఆ పని ఆయనది. గంట మోగిందంటే ఆయన కాళ్ళు ఆయన మాట వినవు. ఒకసారి క్షవరం షాపులో సగం గడ్డం గీయించుకున్నాక గంట మోగితే, మెడకు కట్టిన గుడ్డతోనే పరుగెత్తి బండెక్కాడు. సాయంత్రం ఒళ్ళంతా మసితో తిరిగొచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. షాపువాడు అద్దంలోకి చూసి, "బాబాయ్, గీసింది ఏ వైపో, గీయనిది ఏ వైపో నువ్వే చెప్పాలి" అన్నాడు.

బండి కదలడానికి వాళ్ళకి ఒక పద్ధతుంది. గంట మోగాక ఎవరెవరు ఎక్కారని డ్రైవరు వెనక్కి తిరిగి చూడడు, పేర్లు పిలవడు. ఆఖరున ఎక్కిన మనిషి బండి పక్క రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడతాడు. ఆ చప్పుడుకి బండి కదులుతుంది. మామూలుగా ఆఖరున ఎక్కేది బాబాయే. అందరూ ఎక్కారా లేదా అని చూసుకుని ఎక్కడం ఆయనకి అలవాటు.

రంగుల డబ్బాల గోదాము కాలి పైకప్పు కూలినప్పుడు ఆయన లోపల చిక్కుకుని చాలాసేపు పొగ పీల్చాడు. బయటకి లాగారు గానీ ఊపిరితిత్తులు మునుపటిలా లేవు. మెట్లెక్కితే ఆయాసం, నవ్వితే దగ్గు. డాక్టరు ఇంక మంట దగ్గరికి పోవద్దన్నాడు. ఆఫీసరు పిలిచి, "బండి దిగు. పిల్లల క్లాసు చూసుకో" అన్నాడు.

పిల్లలంటే చిన్న పిల్లలు కాదు. చెత్తకుండీలకు నిప్పు పెట్టిన వాళ్ళు, ఉత్తుత్తి ఫోన్లు చేసి బండిని ఊరంతా పరుగెత్తించిన వాళ్ళు, బడి ఎగ్గొట్టి రోడ్ల మీద తగాదాలు పెట్టుకునే వాళ్ళు. అందరికీ మూతి మీద నూనూగు మీసాలు. వీళ్ళు పెద్ద కేసుల్లో ఇరుక్కోకముందే దారిలో పెట్టాలని పోలీసులూ బడివాళ్ళూ మాట్లాడుకుని ప్రతి శనివారం ఫైరు స్టేషనుకి పంపేవాళ్ళు.

మొదటి శనివారం ఇంటికెళ్ళి బాబాయి తన భార్యతో, "నన్ను ఆయాని చేశారే" అన్నాడట. మా మరదలు నోరు మూసుకునే రకం కాదు. "మంచిదేగా. మన పిల్లని ఎత్తుకోమంటే ఎప్పుడూ డ్యూటీ అన్నారు. ఇప్పుడు మీసాలొచ్చిన వాళ్ళని ఎత్తుకోండి" అందట. ఈ ముక్క ఆవిడే నాకు నవ్వుతూ చెప్పింది.

కానీ నాలుగు వారాలు తిరిగేసరికి ఆయన శుక్రవారం నుంచే హడావిడి పడడం మొదలుపెట్టాడు. పైపు పరచడం, మళ్ళీ గాలి లేకుండా చుట్టడం, నిచ్చెన మోయడం, బండి కడగడం, అన్నీ చేయించేవాడు. పాత పైపు ముక్కల్లో ఇసుక కూరి, పైన చొక్కా తొడిగి, మనిషంత బొమ్మ ఒకటి కుట్టించాడు. పొగలో స్పృహ తప్పిన మనిషిని మోయడం దానితో నేర్పేవాడు. పిల్లలు దానికి మామయ్య అని పేరు పెట్టారు.

క్లాసు జరుగుతుండగా గంట మోగితే చూడాలి. బాబాయి ఉలిక్కిపడి సగం లేచేవాడు. తాను బండి దిగిన సంగతి గుర్తొచ్చి కూర్చునేవాడు. పిల్లలు అది కనిపెట్టి వరసగా లేచి, వరసగా కూర్చుని పకపకా నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు, దగ్గు వచ్చేదాకా.

ఆ పిల్లల్లో ఒకడు మా వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు నడిపే ముసలమ్మ మనవడు. తల్లి పోయింది. తండ్రి ఎక్కడున్నాడో వాడికే తెలియదు. వీధిలో అందరూ వాణ్ణి అగ్గిపెట్టె అనేవాళ్ళు. బడి వెనక విరిగిన బెంచీలు పడేసే షెడ్డుకి వాడు నిప్పు పెట్టాడు. ఎందుకు పెట్టావురా అంటే పెదవి విప్పలేదు. నేను బిస్కెట్లు చేతిలో పెట్టి అడిగినా చెప్పలేదు. బిస్కెట్లు మాత్రం తిన్నాడు.

వాడు క్లాసుకి వచ్చిన మొదటి రోజు నేను మెట్ల మీదే ఉన్నాను.

"ఏమంటార్రా నిన్ను?" అన్నాడు బాబాయి.

"అగ్గిపెట్టె."

"ఇక్కడికి వచ్చేటప్పుడు అగ్గిపెట్టెలు బయట పెట్టి రావాలి."

"అయితే ఇంటికి పోతా."

బాబాయికి నవ్వొచ్చి దగ్గొచ్చింది. "పోదువుగానిలే. ముందు ఈ మామయ్యని మోసుకెళ్ళి ఆ గోడ పక్కన పడుకోబెట్టు."

వాడు బొమ్మని కాలు పట్టుకుని బరబరా ఈడ్చాడు.

"మీ మామయ్యనైతే ఇలాగే ఈడుస్తావా?"

"నాకు మామయ్య లేడు."

"ఇప్పుడున్నాడుగా. తల కింద చెయ్యి పెట్టు."

వాడు కాలు వదిలేశాడు. తర్వాత వంగి తల కింద చెయ్యి పెట్టాడు.

బాబాయి చేయించే పనుల్లో ఒకటి నాకు అన్నిటికంటే గట్టిగా గుర్తుంది. ఎక్కడైనా ఇల్లు కాలితే, మంట ఆరిన తర్వాత శనివారం ఈ పిల్లల్ని తీసుకెళ్ళి ఆ ఇంటివాళ్ళతో కలిసి బూడిద ఎత్తించేవాడు. నీతులేమీ చెప్పేవాడు కాదు. చీపుళ్ళు చేతికిచ్చేవాడు, అంతే. పక్క సందులో బట్టలు కుట్టే ఆవిడ ఇల్లు కాలినప్పుడు నేను ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్ళాను. ఆవిడ నల్లటి తడి బూడిదలో చేతులు పెట్టి వెతుకుతోంది. కత్తెర దొరికింది. తుడిచి, రెండుసార్లు ఆడించి చూసి, మళ్ళీ వెతకసాగింది. అగ్గిపెట్టె గాడికి ఒక మూలన చిన్నపిల్ల చెప్పు దొరికింది. సగం కరిగిపోయి ఉంది. వాడు దాన్ని ఎవరికివ్వాలో తెలియక చాలాసేపు చేతిలో పట్టుకుని తిరిగాడు. చివరికి కిటికీ గట్టు మీద పెట్టి, బాబాయి దగ్గరికి వచ్చాడు.

"బడి షెడ్డు బూడిద ఎవరెత్తారు, బాబాయ్?"

"ఊడ్చే ఆవిడే. ఇంకెవరెత్తుతారు?"

సోమవారం వాడు బడికెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు. ఆవిడ చీపురు తిరగేసింది. "మళ్ళీ దేనికొచ్చావురా?"

"ఊడుద్దామని."

"ఇప్పుడా? అప్పుడు విరిగిన నా నడుం ఇంకా అతుక్కోలేదు" అని తిట్టి, ఆఖరికి చీపురు వాడి చేతికే ఇచ్చింది. ఆ తర్వాత రోజూ బడి మొదలయ్యే ముందు వాడు వరండా ఊడ్చేవాడు. ముసలమ్మ ఇస్త్రీ చేస్తూ, "మా వాడికి ఉద్యోగమొచ్చింది, చీపురు ఆఫీసరు" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేది. నవ్వుతూనే చెప్పేది గానీ కళ్ళు తుడుచుకునేది.

కానీ షెడ్డు కేసు అప్పటికే పిల్లల కోర్టుకి పోయింది. అంతకుముందు చెత్తకుండీల గొడవ కూడా ఉండడంతో వాణ్ణి దూరపు ఊళ్ళోని పిల్లల హోముకి పంపేలా ఉన్నారని ఎస్సై చెప్పాడు. ఒక్క దారే ఉంది. ఫైరు స్టేషనులో పిల్లల్ని చూసే మనిషి స్వయంగా వచ్చి, వీడు మారాడు, వీడి బాధ్యత నాది అని చెబితే నాయనమ్మ దగ్గరే ఉంచుతారు. "కాగితం పంపిస్తే కుదరదు. మనిషి వచ్చి నిలబడాలి" అన్నాడు ఎస్సై.

బాబాయి కొట్టు దగ్గరికి వచ్చి చెప్పాడు. "నేను వస్తానమ్మా. నేనే నా నోటితో చెబుతాను."

వాడు ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదుతున్నవాడల్లా తలెత్తాడు. "రాకపోతే?"

"వస్తానన్నాక రాకపోవడం ఏమిట్రా?"

"మా నాన్న కూడా అలాగే అన్నాడు."

"మీ నాన్న సంగతి నాకెందుకు? నేను వస్తాను."

ముందు రోజు ముసలమ్మ ఆయన యూనిఫారం ఇస్త్రీ చేసింది. చేసిందే చేసింది. నేను, "చాల్లే అత్తా, కాలిపోతుంది" అంటే, "ముడత కనిపిస్తే ఆ జడ్జీగారు నన్ను కూడా లోపలేస్తుందేమో" అంది.

విచారణ రోజు ముసలమ్మా, మనవడూ, నేనూ బస్సులో ముందుగా వెళ్ళాం. నన్నెవరూ రమ్మనలేదు, అయినా వెళ్ళాను. బాబాయి స్టేషనుకి వెళ్ళి, హాజరు చెప్పి, అక్కడినుంచి వస్తానన్నాడు. కోర్టంటే పెద్ద హాలు కాదు, ఒక మామూలు గది. వరండాలో బెంచీలు, గోడకి నీళ్ళ కుళాయి. అగ్గిపెట్టె గాడు తల తడిపి అణచి దువ్వుకున్నాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు.

కాసేపటికి రోడ్డు మీద ఫైరు బండి హోరున అరుస్తూ పోయింది. వాడు చెవులు రిక్కించాడు.

"మన బండే, మామ్మా. కొత్త హారను."

"నీకెలా తెలుసురా?"

"కడిగింది నేనేగా." నవ్వాడు. "ఇప్పుడు బాబాయి ఎక్కడో దారిలో సగం లేచి ఉంటాడు."

ముసలమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

మమ్మల్ని పిలిచారు. జడ్జీగారు కళ్ళజోడు పెట్టుకున్న నెమ్మదైన మనిషి. కాగితాలు చూసి, "ఫైరు స్టేషను నుంచి ఎవరో రావాలి కదా, వచ్చారా?" అని అడిగింది.

"వస్తారు" అన్నాడు వాడు.

సరే, తర్వాత పిలుస్తానంది. మళ్ళీ వరండాలో కూర్చున్నాం. ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్ళి వస్తున్నారు. వాడు మెట్ల వైపే చూస్తున్నాడు. బూట్ల చప్పుడు వినిపించినప్పుడల్లా వీపు నిటారుగా పెట్టుకుంటున్నాడు. రెండోసారి పిలిచినప్పుడు, "దారిలో ఉండి ఉంటారు" అన్నాడు. ఆవిడ ఫోను చేయించింది. బాబాయి ఫోను మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. అందరి కేసులూ అయ్యేదాకా ఆగింది ఆవిడ. ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది.

ఆఖరున పిలిచినప్పుడు, "ఎవరైనా వస్తారా, బాబూ?" అని అడిగింది.

"తెలీదు" అన్నాడు వాడు.

నేను లేచి నిలబడ్డాను. "నేను చెబుతానమ్మా. ఈ పిల్లవాడు రోజూ బడి ఊడుస్తున్నాడు. నేను చూశాను."

"మీరేమవుతారు?"

"ఫైరు స్టేషను ఎదురింటి దాన్ని."

"బంధువా?"

"వరస కలుపుకుంటే..."

"కూర్చోండమ్మా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

పద్దెనిమిది నిండేదాకా హోములో ఉండాలని చెప్పింది. ముసలమ్మకి అర్థం కాక, "అయితే సాయంత్రానికి పంపిస్తారా?" అని నన్ను అడిగింది. వాడు ఏడవలేదు. మెడ దగ్గర గుండీ ఒకటి తీసేశాడు. వ్యాను ఎక్కేటప్పుడు మాత్రం ఒకసారి రోడ్డు ఆ చివరిదాకా చూశాడు.

వ్యాను వెళ్ళిపోయిన తర్వాత బాబాయి వచ్చాడు. ఇస్త్రీ యూనిఫారం నీళ్ళు కారుతోంది. ముఖమంతా మసి. ఆయాసంతో మాట రావడం లేదు. ఖాళీ బెంచీలు చూశాడు, ముసలమ్మని చూశాడు, నన్ను చూశాడు. "గంట మోగింది, అక్కా" అన్నాడు.

జరిగిందేమిటో నాకు తర్వాత డ్రైవరు చెప్పాడు. పరుపుల దుకాణంలో మంట. గంట మోగేసరికి బాబాయి షెడ్డు గుమ్మంలో ఉన్నాడు. అందరూ పరుగెత్తి ఎక్కారు. ఇంకెవరైనా మిగిలారా అని ఆయన చూశాడు, ఆఖరున తాను ఎక్కాడు, రేకు మీద కొట్టాడు.

"ఆ చప్పుడు విన్నాను, పెద్దమ్మా, పోనిచ్చాను. ఎవరు కొట్టారని చూడలేదు. నేనెప్పుడూ చూడను" అన్నాడు డ్రైవరు. "దుకాణం దగ్గర దిగాక చూస్తే ఈయన. అప్పటికే పైపు చంకలో ఉంది. బండి దిగినవాడు మళ్ళీ ఎక్కాడని మాకే సంతోషమేసింది. కోర్టు సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. ఆయనకీ తట్టలేదు. మంట ఆరాక పైపు చుడుతుంటే చేతులు ఆగిపోయాయి. అక్కడే పైపు వదిలేసి పరుగెత్తాడు."

"ఆయన లేకపోతే ఆ మంట ఆరేది కాదా?" అని అడిగాను.

"ఆరేదే, పెద్దమ్మా."

మర్నాడు బాబాయి జడ్జీగారి దగ్గరికి వెళ్ళి వరండాలో పొద్దంతా నిలబడ్డాడు. ఆవిడ పిలిచి మాట్లాడింది. "నేను ఎదురుచూశానండీ" అందట. ఆఫీసరు, ఎస్సై కలిసి మళ్ళీ అర్జీ పెట్టారు. కొన్నాళ్ళు హోములో ఉన్నాక పిల్లవాడి నడత చూసి ఆలోచిస్తామన్నారు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నారు.

పిల్లల క్లాసు వదిలేస్తానని బాబాయి అడిగాడు. ఆఫీసరు ఒప్పుకోలేదు. శనివారాలు మళ్ళీ మొదలయ్యాయి. గంట మోగితే ఇప్పుడాయన లేవడు. కూర్చున్నచోటే రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఉంటాడు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, ఎవరూ నవ్వరు. ఇంట్లో మా మరదలు ఎత్తిపొడవడం మానేసింది. వాళ్ళ గుమ్మంలోంచి ఆవిడ గొంతు వినపడకపోవడం చూసి నాకు ఇంకా భయం వేసింది.

హోముకి నెలకోసారి చూడ్డానికి వెళ్ళొచ్చు. బాబాయి వెళ్ళాడు. మొదట వాడు బయటికి రానన్నాడు. తర్వాతిసారి కూడా రాలేదు. ఆ పై నెల వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పొడుగెదిగాడట. ఆ రోజు మాటలు బాబాయే మా మెట్ల మీద కూర్చుని చెప్పాడు.

"ఆ రోజు మంట ఎక్కడ?" అని అడిగాడట వాడు.

"పరుపుల దుకాణంలో."

"లోపల మనుషులున్నారా?"

"లేరు."

"ఉంటే బాగుండేది" అన్నాడు.

వాడే మళ్ళీ, "ఇంక రాకు, బాబాయ్. నువ్వొచ్చే రోజున పొద్దున్నుంచీ తలుపు వైపే చూస్తున్నాను. ఏ పనీ చేసుకోలేకపోతున్నాను" అన్నాడట. కోపం లేదు వాడి గొంతులో. పైపు ఇలా చుట్టాలి, అలా చుట్టకూడదు అన్నట్టు చెప్పాడట.

అప్పట్నుంచి బాబాయి లోపలికి వెళ్ళడం లేదు. కానీ ముసలమ్మ ఒక్కతే అంత దూరం పోగలిగే మనిషి కాదు. ప్రతి నెలా ఆయనే బస్సెక్కించి, సీటు చూసి కూర్చోబెట్టి, గేటు దాకా సంచీ మోసుకెళ్ళి ఇస్తాడు. ఆవిడ తిరిగి బయటికి వచ్చేదాకా రోడ్డవతల నిలబడతాడు. ఆ రోడ్డు మీద లారీలు ఎక్కువ, దుమ్ము లేస్తుంది.

పోయిన నెల నేనూ వెళ్ళాను. వాడికి గొంతు మారింది. నాయనమ్మ చేతులు పట్టుకుని, బొగ్గులకి కాలిన మచ్చలు చూస్తూ కూర్చున్నాడు. ఊళ్ళో సంగతులు నేను చెబుతుంటే వింటున్నాడు. ఉన్నట్టుండి నాయనమ్మని అడిగాడు.

"నిన్నెవరు తీసుకొచ్చారు?"

ముసలమ్మ నా వైపు చూసింది. ఆవిడకి అబద్ధమాడడం రాదు. "బాబాయి."

"ఎప్పుడూ ఆయనేనా?"

"ఎప్పుడూ ఆయనే."

"ఎక్కడున్నాడు?"

"రోడ్డవతల. నువ్వు రావద్దన్నావుగా, నాయనా."

"దగ్గుతున్నాడా?"

"ఎందుకు దగ్గడు? ఆ దుమ్ములో."

వేళ అయిపోయిందని గంట కొట్టారు. వాడు లేచి, కుర్చీ బల్ల కిందకి జరిపి, వెళ్ళబోతూ ఆగాడు. "దుమ్ములో నిలబడొద్దని చెప్పు, పెద్దమ్మా" అన్నాడు నాతో. పిలవమంటాడేమో అని చూశాను. పిలవమనలేదు.

బయటికి వచ్చి రోడ్డు దాటి ఆ మాట చెప్పాను. బాబాయి ముసలమ్మ చేతిలోని సంచీ అందుకున్నాడు.

"ఇంకేమన్నా అన్నాడా, అక్కా?"

"లేదు, తమ్ముడూ."

ఆయన తల ఊపాడు. ముసలమ్మ మోచెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి నడిపించాడు.

ఈ నెల మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. మేం లోపలికి పోతూ వెనక్కి తిరిగి చూస్తే ఆయన రోడ్డు పక్కన లేడు. తిరిగొచ్చాక వెతికితే, పక్కనే ఉన్న పాత పుస్తకాల షాపులో అల్మారాల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అక్కడికి దుమ్ము రాదు. అక్కడినుంచి హోము గేటు కూడా కనిపించదు.